బెత్తెడుకోసారి ఆగే చెయ్యి

యంత్రం ముందు కూర్చోగానే మాస్టారు మొట్టమొదట చేసే పని ఒకటుంది. ఎడమ చేత్తో కుడి చేతి మణికట్టు పట్టుకుని, నిద్రపోతున్న పరాయి బిడ్డను దించినట్టు మెల్లగా తెచ్చి, తొట్టిలాంటి ఆ ఇనుప పట్టులో పడుకోబెడతాడు. తర్వాత ఫిజియో అమ్మాయి వచ్చి పట్టీలు బిగిస్తుంది. మోచేతి దగ్గర ఒకటి, మణికట్టు మీద ఒకటి, వీపు కుర్చీని వదలకుండా ఛాతీ మీద ఇంకొకటి. వేళ్ళ మధ్య ఒక గుండ్రటి పిడి. ఆ పిడి రెండు కీళ్ళున్న ఉక్కు చేతికి తగిలించి ఉంటుంది. ఎదురుగా తెర, తెర మధ్యలో ఒక చుక్క, దాని చుట్టూ ఎనిమిది చుక్కలు. ఏ చుక్క వెలిగితే చెయ్యి బల్ల మీద జారుతూ ఆ వైపుకు పోవాలి, మళ్ళీ మధ్యకు రావాలి. మనిషి పోలేకపోతే యంత్రమే తీసుకుపోతుంది.

చూసేవాళ్ళకు ఇదంతా పిల్లల ఆటలా ఉంటుంది. మాస్టారుకు మాత్రం పట్టీల చప్పుడు వినగానే అరికాళ్ళు చల్లబడతాయి.

మాస్టారంటే బడిలో పాఠాలు చెప్పినవాడు కాదు. యూనిఫారాలు కుట్టే కర్మాగారంలో కటింగు మాస్టారు. పొడవాటి బల్ల మీద అరవై పొరలు పరిచిన గుడ్డను, సుద్దగీత తప్పకుండా, నిలువు కత్తి మిషనుతో ఒక్కసారే కోసే మనిషి. మెదడులో నరం చిట్లి కుడిపక్క పడిపోయి నాలుగు నెలలైంది. నడక వచ్చింది, మాట వచ్చింది. చెయ్యి దగ్గరే పేచీ. ఆ పేచీ తేల్చడానికే రెండు నెలలుగా ఈ రోబో దగ్గరికి వస్తున్నాడు.

ఆ మంగళవారం ముందుగా కుడివైపు పైచుక్క వెలిగింది. చెయ్యి బయల్దేరింది. బెత్తెడు దూరం పోయి ఆగింది. మళ్ళీ కదిలింది, మళ్ళీ ఆగింది. తెర మీద ఆకుపచ్చ గీత ముడులు పడుతూ సాగింది.

"మధ్యలో ఆగకండి మాస్టారూ," అంది ఫిజియో అమ్మాయి. "పట్టు తప్పుతున్నట్టనిపిస్తే వదిలేయండి. అదే తీసుకెళ్తుంది."

"అలాగేనమ్మా."

అలాగేనన్నాడు గానీ, ఆ వెంటనే మోటారు సన్నగా మూలిగి చేతిని ముందుకు లాగింది. తన చెయ్యి, తను పొమ్మనకుండానే పోతోంది. భుజంలో, మోచేతిలో, వేళ్ళలో ఉన్న కాస్త బలాన్నీ కూడదీసుకుని బిగబట్టాడు. తెర మూలన ఎర్రదీపం వెలిగి యంత్రం టక్కున నిలిచిపోయింది.

"మళ్ళీ బిగుసుకుంది," అంటూ ఆ అమ్మాయి కాగితం మీద ఏదో రాసుకుంది.

మాస్టారు నుదుటి మీది చెమట కనుబొమ్మల్లోకి దిగుతోంది. తుడుచుకుందామంటే ఎడమ చెయ్యి కుడి చేతిని వదిలి రానంటోంది.

పని అయ్యాక ఆ అమ్మాయి కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. మంచి పిల్ల. రోగుల ముందు విసుక్కోదు, విసుగొస్తే పెన్ను మూత తీసి పెడుతూ ఉంటుంది. ఇప్పుడు అదే చేస్తోంది.

"మీకొకటి చూపిస్తాను. చెయ్యి చేరే దూరం పెరిగింది. బలం బాగా పెరిగింది. కానీ చెయ్యి ఎంత నున్నగా సాగుతోందో యంత్రం కొలుస్తుంది కదా, అది వారం వారం దిగజారుతోంది. మొదటివారం ఒక్కో గీతకు మూడు చోట్ల ఆగేవారు. ఇప్పుడు ఆరు. బలం పెరిగేకొద్దీ ఆగడం తగ్గాలి మాస్టారూ. మీకు పెరుగుతోంది. నాకు అంతు పట్టట్లేదు."

"మరి... ఏమవుతుంది?"

"శుక్రవారం పరీక్ష. పెద్ద డాక్టరుగారు వస్తారు. అన్నీ కలిపి మార్కులు అరవై దాటితే ఇంకో ఎనిమిది వారాలు ఇస్తారు. దాటకపోతే చెయ్యి ఇంక ఇక్కడితో ఆగిందని రాసేస్తారు. బయట పదకొండు మంది ఎదురుచూస్తున్నారు." పెన్ను మూత టక్కుమంది. "దానికన్నా ముందు ఒక ఇంజెక్షను అనుకుంటున్నారు. బిగుసుకునే కండలోకే ఇస్తారు. కొన్ని నెలలపాటు కండ వదులైపోతుంది. అప్పుడు మీరు బిగబట్టాలన్నా బిగబట్టలేరు."

ఆఖరి మాట ఆ పిల్ల ధైర్యం చెప్పడానికే అంది. మాస్టారుకు పైప్రాణాలు పైనే పోయాయి.

ఎందుకంటే ఆ ఆరు చోట్లా ఆగుతున్నది జబ్బు కాదు. ఆపుతున్నది ఆయనే. మొదటివారం మూడుసార్లు ఆపగలిగాడు. బలం వచ్చినకొద్దీ నాలుగు, ఐదు, ఆరు. రోజూ ఇంటికి పోయి లోపల్లోపల లెక్కపెట్టుకుని మురిసిపోయేవాడు. కావాలనుకున్న చోట ఆపగలిగిన చెయ్యే తన చెయ్యి అని ఆయన లెక్క. ఆ లెక్కలన్నీ యంత్రం రోగం కింద రాసుకుంటోందని ఇవాళే తెలిసింది.

చెప్పేయవచ్చు. ఎందుకు ఆపుతున్నారని ఆ అమ్మాయి అడుగుతుంది. అదొక్కటి చెప్పలేడు.

ఆ అమ్మాయి తెర మీది గీతల్ని పెద్ద పలచటి కాగితం మీద అచ్చు తీసి చేతికిచ్చింది. ఇంట్లో చూసుకుంటూ సాధన చెయ్యమంది. మాస్టారు దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచాడు.

బయట బెంచీ మీద స్కూలు వ్యాను నడిపే డ్రైవరు కూర్చున్నాడు. పడిపోయిన ఎడమ చేతిని ఒళ్ళో పెట్టుకుని, దానిమీద టోపీ కప్పాడు. పదకొండు మందిలో మొదటివాడు అతనే.

"ఏం మాస్టారూ, మీదెప్పుడు అయిపోతుంది?" అన్నాడు. అడగడంలో కుళ్ళు లేదు. బస్సెప్పుడొస్తుందని అడిగినట్టే అడిగాడు.

"శుక్రవారం తెలుస్తుంది."

"మీకు ఇంకొన్ని వారాలు రావాలనే కోరుకుంటున్నా. కానీ నాకూ వంతు రావాలిగా." డ్రైవరు నవ్వాడు. "ఇద్దరిదీ ఒకేసారి ఎలా కోరుకోవాలో తెలియట్లేదు."

మాస్టారు కూడా నవ్వబోయాడు. పెదవి కుడిపక్కకు సరిగా సాగలేదు.

*

"ఏమందండీ నా సవతి ఇవాళ?"

భార్య ఇంటికి రాగానే అడిగే మొదటి మాట ఇది. వారానికి మూడు రోజులు మొగుడి చెయ్యి పట్టుకునేది ఆ యంత్రమే కాబట్టి దానికి ఆ పేరు పెట్టింది. మొదట్లో మాస్టారు ఉడుక్కునేవాడు. తర్వాత తనూ అదే వరసలో జవాబులు చెప్పడం నేర్చుకున్నాడు.

"ఏమంటుంది, మామూలే."

"మామూలే అనడానికి ముఖం అలా మాడ్చుకోవాలా? ఏదో అనే ఉంటుంది." చెప్పులు విడిచి, ముంజేతుల మీది దారపు పోగులు దులుపుకుంటూ వంటింట్లోకి పోయింది. ఆవిడ కూడా ఆ కర్మాగారంలోనే. పొరలు పరిచే పని. గుడ్డ తాను విప్పి, ముడత పడకుండా బల్ల కొస దాకా లాగి, అంచులు కలిపి, మళ్ళీ మొదటికి వచ్చి ఇంకో పొర పరచాలి. కోసేటప్పుడు చివరి వంపు దగ్గర గుడ్డ జారకుండా రెండు చేతులతో అదిమి పట్టుకోవాలి. పాతికేళ్ళుగా మాస్టారు కోసిన ప్రతి బల్లకూ అవతలి కొసన ఉన్నవి ఆవిడ చేతులే.

కూరగాయలు తెచ్చి ఆయనకెదురుగా కూర్చుని తరగసాగింది. చాకు కింద ఆవిడ ఎడమ బొటనవేలు ముందుకూ వెనక్కూ జరుగుతోంది. ఆ వేలి మీద, గోరు మొదలు నుంచి కణుపు దాకా, తెల్లటి గీత. నాలుగు నెలల కింద అది ఎర్రగా ఉండేది.

మాస్టారు చూపు తిప్పుకున్నాడు. తిప్పుకున్నా చాకు చప్పుడు వినిపిస్తూనే ఉంది. తన కుడి చెయ్యి తొడ మీద కాస్త కదిలినట్టనిపించి, ఎడమ చెయ్యి దానిమీద వేసి నొక్కిపట్టాడు.

"ఆ గిన్నె ఇలా అందివ్వండి."

ఎడమ చేత్తో అందించాడు.

"కుడి చేత్తో ఇవ్వమని కదా డాక్టరు చెప్పింది?"

"పడేస్తానేమో."

"పడేస్తే పడుతుంది. గాజుదా ఏమన్నా?" గిన్నె అందుకుంటూ ఆయన ముఖంలోకి చూసింది. ఆ మనిషి ఆసుపత్రి నుంచి వచ్చిన మొదటిరోజే తనను ఎడమపక్కన పడుకోమన్నాడు. పెళ్ళయిన నాటి నుంచీ కుడిపక్కనే పడుకుంది. జబ్బు మనిషి, ఏదో అలవాటు మారిందిలే అనుకుని ఊరుకుంది. అలా ఊరుకున్నవి ఈ మధ్య చాలా అయ్యాయి.

బుధవారం మాస్టారు యంత్రం దగ్గర ఒట్టు పెట్టుకుని కూర్చున్నాడు. ఆపను, ఏమైనా సరే ఆపను అనుకున్నాడు. మొదటి చుక్క వెలిగింది. చెయ్యి బెత్తెడు పోయింది. అవతల గీత చివర, ఉత్త ఖాళీ బల్ల మీద, ఆయనకు రెండు చేతులు కనిపించాయి. ఆగిపోయాడు. ఆరోజు గీతకు ఏడు ఆగుళ్ళు పడ్డాయి. ఫిజియో అమ్మాయి ఏమీ అనలేదు, పెన్ను మూత కూడా ముట్టుకోలేదు. ఆ మౌనం తిట్టినదానికన్నా ఎక్కువ భయపెట్టింది.

*

గురువారం రోబో లేదు. ఇంట్లో ఒక్కడే ఉంటే గోడలు మీదికొస్తున్నట్టుంది. సాయంత్రం పని వదిలే వేళకు భార్యను తీసుకొద్దామని బయల్దేరాడు. ఎప్పుడొచ్చినా గేటు దగ్గరే నిలబడతాడు. ఆరోజు కాపలావాడు చనువుగా, "లోపలికి పోండి మాస్టారూ, బల్ల మిమ్మల్నేం కరవదు," అన్నాడు. కాదనడానికి సాకు దొరక్క లోపలికి నడిచాడు.

కటింగు గది తలుపు తీసే ఉంది. కొత్త గుడ్డ గంజి వాసన, సుద్దపొడి, కత్తి మిషను ఝుమ్మనే మోత. ఏదీ మారలేదు. తన బల్ల మీద వేరే కటింగు మాస్టారు కోస్తున్నాడు. అతనిది వేరే పద్ధతి. మిషను మీద రెండు చేతులూ వేసి, నీళ్ళలో పడవ తోసినట్టు ఏకబిగిన తోసుకుపోతాడు. ఎక్కడా ఆగడు. బల్ల అవతలి కొసన మాస్టారు భార్య చివరి వంపు దగ్గర గుడ్డను అదిమి పట్టుకుని నిలబడింది. కత్తి ఆవిడ వైపే వస్తోంది.

"ఆపు!"

ఆ కేక తన గొంతులోంచే వచ్చిందని మాస్టారుకు కాసేపటికి గానీ తెలియలేదు. మిషను ఆగింది. పక్క హాల్లో కుట్టు మిషన్ల మీద వంగి ఉన్న తలలన్నీ లేచాయి.

కొత్త మాస్టారు కత్తి వైపూ ఆవిడ చేతుల వైపూ చూశాడు. "ఇంకా మూరెడు దూరముంది మాస్టారూ," అన్నాడు మర్యాదగానే.

ఎవరో కిసుక్కున నవ్వారు. మాస్టారుకు తల కొట్టేసినట్టయింది. వెనక్కి తిరిగి, కుడికాలు ఈడ్చుకుంటూ, వచ్చిన దారినే బయటికి నడిచాడు. భార్య వెనకాలే పరుగున వచ్చింది, చేతి సంచీ అయినా తీసుకోకుండా.

కర్మాగారం ప్రహరీ పక్కన, పాత పెట్టెలు పేర్చిన చోట, ఆయన చెమట తుడుచుకుందామని జేబులోంచి రుమాలు లాగాడు. దాంతోపాటు మడతపెట్టిన కాగితం కింద పడింది. ఆవిడ వంగి తీసి విప్పింది.

మధ్యలో ఒక చుక్క, చుట్టూ ఎనిమిది గీతలు. ఒక్కో గీత మీద చెయ్యి ఆగిన చోటల్లా నల్లటి ముడి. ఆవిడ కాగితాన్ని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. తర్వాత పొర వెడల్పు చూసే అలవాటు కొద్దీ నాలుగు వేళ్ళు చేర్చి గీత మీద పరిచింది.

"ఇది చేతి అసలు కొలతేనా?"

"ఆ. ఎంత జరిగితే అంతే గీస్తుంది."

"ముడికీ ముడికీ నడుమ నాలుగు వేళ్ళు. ప్రతి గీతకీ అంతే." తలెత్తింది. "జబ్బు చెయ్యి ఇంత లెక్కగా ఆగుతుందా? ఇది మీ కోత. బెత్తెడు పోవడం, ఆగడం, పొర చూడడం, మళ్ళీ బెత్తెడు పోవడం. పాతికేళ్ళు ఎదురుగా నిలబడి చూసినదాన్ని, నాకు తెలియదా? మీరు కావాలనే ఆపుతున్నారు."

మాస్టారు పెట్టె మీద కూర్చుండిపోయాడు.

"దీనికే మార్కులు పోతున్నాయా?"

తల ఊపాడు.

"రేపు దీనివల్లే తీసేస్తారా?"

"తీసేస్తారు. లేకపోతే కండ వదులయ్యే సూది వేస్తారు. అప్పుడిక ఆపలేను."

"ఆపకపోతే ఏమవుతుంది? అది ఖాళీ బల్ల. అక్కడేం గుడ్డ ఉంది పాడవడానికి?"

ఆయన ఆవిడ బొటనవేలి వైపు చూశాడు. వెంటనే కళ్ళు దించేశాడు. ఆ ఒక్క చూపుతో నాలుగు నెలలుగా ఊరుకున్నవన్నీ ఆవిడకు ఒక్కసారే అర్థమయ్యాయి. ఎడమపక్కన పడుకోమనడం, గిన్నె ఎడమ చేత్తో ఇవ్వడం, చాకు పట్టుకుంటే లేచిపోవడం.

"నేను పడిపోయిన ఆ రోజు చెయ్యి ఆగలేదు," అన్నాడు మాస్టారు. మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. "నేను చూస్తూనే ఉన్నాను. కత్తి నీ మీదికి పోతోంది. ఆగు అంటున్నాను. లోపల అరుస్తున్నాను. అది వినలేదు. నా చెయ్యే. వినలేదు. ఆ యంత్రం లాగినప్పుడల్లా మళ్ళీ అదే. నాది కాకుండా పోతున్నట్టు. అవతల నువ్వున్నట్టు."

ఆగలేదని కాదు, ఆగిందనే మాట కోసం ఆయన లోపల ఎక్కడో ఎదురుచూస్తున్నాడు. లేదండీ, మీరే ఆపారు, మీకు గుర్తులేదు అని ఆవిడ అంటుందేమోనని.

"అవును," అంది ఆవిడ. "ఆగలేదు."

మాస్టారు తల పక్కకు తిప్పుకున్నాడు.

"మరి నా వేలెందుకుంది?" బొటనవేలు ఆయన ముఖం ముందు పెట్టింది. "చూడండి. తల తిప్పకండి. ఎందుకుంది ఇది? నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను కాబట్టి. ఆ రోజు మీ ముఖం చూస్తూ ఉండిపోయాను, నోరు వంకరపోతోందేమిటా అని. అందుకే కాస్త ఆలస్యమైంది. ఈ గీత ఆ ఆలస్యానిది."

"నేను ఆపి ఉంటే..."

"నా చేతుల కోసం ఎప్పుడాపారు మీరు?" ఆవిడకు నిజంగానే కోపం వచ్చింది. "పాతికేళ్ళు మీరు బెత్తెడుకోసారి ఆపబట్టే నా వేళ్ళు మిగిలాయనుకుంటున్నారా? మీరు ఆగి పొర చూసేవారు, గీత చూసేవారు. నా చేతులు ఎప్పుడైనా చూశారా? నేను కత్తిని చూసేదాన్ని. అది ఇంత దూరంలో ఉందనగా తీసుకునేదాన్ని. రోజుకు నలభైసార్లు. ఇవాళ ఆ కొత్తాయన ఎక్కడా ఆగకుండా తోసుకొస్తాడు, అతని దగ్గరా తీసుకుంటున్నాను. కోయడం మీ పని. తీసుకోవడం నా పని. నా పని కూడా మీ ఖాతాలో వేసుకుని ఇన్నాళ్ళూ భయపడుతూ కూర్చున్నారా?"

మాస్టారుకు చెంప మీద కొట్టినట్టుంది, గుండె మీంచి ఏదో దించినట్టూ ఉంది. ఆ రెంటిలో ఏది ముందో తేల్చుకోలేకపోయాడు. పాతికేళ్ళు ఒక బల్లకు ఇవతల నిలబడి, అవతల జరిగే పని ఒక్కసారీ చూడలేదన్నది మాత్రం నిజం. అదే సిగ్గనిపించింది.

"ఒకవేళ నువ్వు తీయకపోతే?"

"తీయకపోతే తెగుతుంది. అప్పుడు నన్ను తిట్టండి." కాగితాన్ని మళ్ళీ నాలుగు మడతలు పెట్టి ఈసారి తన దగ్గరే ఉంచుకుంది. "రేపు నేనూ వస్తాను. నా సవతిని ఒకసారి చూడాలి."

*

శుక్రవారం గది నిండా మనుషులున్నట్టనిపించింది. నిజానికి నలుగురే. మాస్టారు, భార్య, ఫిజియో అమ్మాయి, పెద్ద డాక్టరు. డాక్టరుది తొందర మనిషి తీరు కాదు గానీ, చేతిలో ఫైలు ముందే తెరిచి ఉంది. ఇంజెక్షను పేరు రాసిన చీటీ ఫైలు అంచున క్లిప్పుకు పెట్టి ఉంది. తలుపు అద్దంలోంచి వ్యాను డ్రైవరు టోపీ కనిపిస్తోంది.

"పరీక్షలో మోటారు పనిచేయదు మాస్టారూ," అంది ఫిజియో అమ్మాయి పట్టీలు బిగిస్తూ. "లాగదు, తోయదు. కొలుస్తుంది అంతే. కదిలేదంతా మీ చెయ్యే. ముందు రెండుసార్లు అలవాటుకు, తర్వాత అసలుది."

చుక్క వెలిగింది. లాగేవాళ్ళు ఎవరూ లేరు. బల్ల ఖాళీ. భార్య పక్కనే, కళ్ళెదురుగా, క్షేమంగా నిలబడి ఉంది. అన్నీ తెలుసు. అయినా బెత్తెడు దూరం పోగానే చెయ్యి ఆగింది. ఆయన ఆపలేదనుకున్నాడు, ఆపింది ఆయనే. భయం తల చెప్పిన మాట వినేది కాదు. మళ్ళీ బెత్తెడు. మళ్ళీ ఆగింది. చొక్కా వీపుకు అంటుకుపోయింది.

డాక్టరు చీటీ వైపు చెయ్యి పోనిచ్చాడు. "స్పష్టంగానే ఉంది. కండ పట్టేస్తోంది."

"కండ కాదండీ డాక్టరుగారూ," అంది భార్య. మంగళవారం నాటి కాగితం విప్పి ఫైలు మీద పరిచి, దానిమీద నాలుగు వేళ్ళు పెట్టింది. "చూడండి. ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ. ఈయన గుడ్డ కోసే మనిషి. ఇలా ఆగి ఆగి కోస్తాడు. ఈ ఆగుళ్ళు జబ్బువి కావు, ఈయనవి."

ఫిజియో అమ్మాయి వంగి చూసింది. తన వేళ్ళు కూడా పెట్టి చూసింది. ఇంకో గీత మీద, మరో గీత మీద. ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. రెండు నెలలు ముడులు లెక్కపెట్టింది గానీ, నడుమ దూరం ఒక్కరోజూ కొలవలేదు.

డాక్టరు తొందరపడి ఔననే మనిషి కాదు. "కావచ్చు. ఆపుతున్నది ఆయనే అయితే, ఆపకుండా కూడా పోగలగాలి. ఒక్క గీత చూపించమనండి. అప్పుడు ఒప్పుకుంటాను." చీటీ క్లిప్పు నుంచి తీసి చేత్తో పట్టుకున్నాడు.

ఇక తప్పించుకునే దారి లేదు. మాస్టారు పిడి వైపు చూశాడు. కుడి చేతి వేళ్ళు పాలిపోయి ఉన్నాయి. ఇప్పుడు ఆగితే, ఈ చెయ్యి జీవితాంతం ఆగిపోయినట్టే రాస్తారు. ఆగకపోతే... ఆగకపోతే ఏమవుతుందో ఆయనకు మాత్రమే కనిపిస్తోంది, గీత చివర, ఖాళీ బల్ల మీద.

అప్పుడు భార్య బల్ల అవతలికి నడిచింది. చీర కొంగు నడుములో దోపుకుంది, పనిలో దోపుకున్నట్టే. సరిగ్గా ఆ చుక్కకు సూటిగా, పిడి వచ్చి ఆగాల్సిన చోట, రెండు అరచేతులూ బల్ల మీద అదిమి నిలబడింది. గీత ఉన్న బొటనవేలు ఇటువైపు.

"అమ్మా, పరీక్షప్పుడు ఎవరూ బల్ల ముట్టుకోకూడదు," అంది ఫిజియో అమ్మాయి కంగారుగా.

"మోటారు ఆపేశామన్నావుగా తల్లీ. వచ్చేది ఈయన చెయ్యేగా?"

ఆ అమ్మాయి డాక్టరు వైపు చూసింది. డాక్టరు చూపు పిడి మీదే ఉంది.

"తీయి," అన్నాడు మాస్టారు. "నీకు దణ్ణం పెడతాను, చేతులు తీయి."

"మీరు రండి. తీయడం నా పని."

చుక్క వెలిగింది.

ఇంత భయం ఆయన ఆ రోజు కూడా పడలేదు. ఆ రోజు అంతా రెప్పపాటులో అయిపోయింది. ఇప్పుడు పూర్తి తెలివితో, చూస్తూ చూస్తూ, ఆ చేతుల మీదికే పోవాలి. చెయ్యి కదిలింది. మొదటి బెత్తెడు. మోచేతిలో కండరం ఆగమని లాగింది. మాస్టారు ఈసారి గీత వైపు చూడలేదు, తెర వైపు చూడలేదు. పాతికేళ్ళలో మొదటిసారి బల్ల అవతల ఉన్న చేతుల్ని చూశాడు. అవి బిగుసుకుని లేవు. బల్ల మీద తేలికగా ఆనించి ఉన్నాయి, ఎప్పుడంటే అప్పుడు లేవడానికి సిద్ధంగా. మణికట్టు కాస్త పైకెత్తి ఉంది. ఆవిడ కళ్ళు ఆయన ముఖం మీద లేవు. పిడి మీద ఉన్నాయి.

రెండో బెత్తెడు దాటింది. మూడోది. నాలుగు. ఆగు అని లోపల ఎవరో అరుస్తున్నారు, ఆయన గొంతుతోనే. ఐదు. పిడికీ బొటనవేలికీ మధ్య రెండంగుళాలుందనగా, అంత తేలిగ్గా, అంత మామూలుగా, వేడి గిన్నె మీంచి తీసినట్టు, ఆవిడ చేతులు తీసేసింది.

పిడి పోయి చుక్క మీద ఆగింది.

తెర మీద ఒక గీత ఉంది. నున్నటి గీత కాదు, నడుమ వణికింది, చివర్లో కొంచెం పక్కకు పోయింది. ముడి మాత్రం ఒక్కటీ లేదు.

మాస్టారుకు ఊపిరి తీసుకోవడం అప్పుడు గుర్తొచ్చింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, వాటిని తుడుచుకోవడానికి ఎడమ చెయ్యి ఎప్పుడు లేచిందో ఆయనకే తెలియలేదు. కుడి చెయ్యి తొట్టిలో ఒంటరిగా, ఎవరూ పట్టుకోకుండా పడుకుని ఉంది.

డాక్టరు ఇంజెక్షను చీటీని సగానికి మడిచి జేబులో వేసుకున్నాడు. "అలవాటుది అయిపోయింది," అన్నాడు ఫిజియో అమ్మాయితో. "అసలుది మొదటి నుంచి మొదలుపెట్టండి. ఎనిమిదీ."

"అమ్మను పక్కకు రమ్మననా సార్?"

డాక్టరు బల్ల వైపు చూశాడు. "నియమాల్లో ఉందా?"

"బల్ల ముట్టుకోవద్దని ఉంది సార్. ముట్టుకుని తీసేస్తే ఏమనాలో రాయలేదు."

మొదటి చుక్క వెలగబోతోంది. మాస్టారుకు మళ్ళీ అరికాళ్ళు చల్లబడ్డాయి. భయం ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది, ఇంకా ఎనిమిదిసార్లకు సరిపడా ఉంది. ఆయన బల్ల అవతలికి చూశాడు.

"ఎటువైపు నిలబడను?" అని అడిగింది భార్య.

"కుడి పక్కకి," అన్నాడు మాస్టారు.

ఆవిడ ఆయన కుడిపక్కకు వచ్చి చేతులు పెట్టింది.